ఏకశిల నుండి విభాగములకు: ఎక్స్ ప్రదర్శన వ్యవస్థ పునర్నిర్మాణము

కంప్యూటరు అనగానే మనకు ముందుగా స్ఫురించేది దాని తెర. ఆ తెరపై ఒకదాని ప్రక్కన ఒకటిగా కిటికీలు తెరుచుకొనుట, మౌసును కదిపితే బాణపు గుర్తు కదలుట, మీట నొక్కగానే అక్షరము వెలయుట తమంతట తాము జరిగే పనులు కావు. వీని వెనుక ప్రదర్శన వ్యవస్థ అనే పెద్ద ప్రోగ్రాముల సముదాయము పనిచేస్తూ ఉంటుంది. యునిక్సు, లినక్సు కంప్యూటర్లలో దశాబ్దముల పాటు ఈ భారము మోసిన వ్యవస్థ పేరు ఎక్స్ విండో సిస్టం. సంక్షేపముగా దానిని ఎక్స్ అంటారు.

2005 డిసెంబరు 21వ తేదీన ఈ వ్యవస్థ చరిత్రలో ఒక విచిత్రము జరిగినది. ఒకే రోజున అది రెండు సంఖ్యలతో, 6.9 అనీ 7.0 అనీ, రెండు మార్లు విడుదలైనది. రెంటిలోని సోర్సు కోడు ఒకటే. రెండూ చేసే పనులు ఒకటే. భేదమంతా కూర్పులోనే ఉన్నది. మొదటిది ఏకశిల, రెండవది విభాగముల సమాహారము. క్రొత్త సౌకర్యమేదీ లేని ఒక మార్పు కొరకు అనేకులు నెలల తరబడి ఎందుకు శ్రమించినారు? అందువలన లభించినదేమి, నష్టమైనదేమి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే మా ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఏకశిల అనగా ఏమి?

ఓరుగల్లుకు గల ప్రాచీన నామము వలన ఏకశిల అనే మాట మనకు పరిచితమే. ఒక సాఫ్ట్‌వేరు యొక్క సోర్సు కోడు అంతా ఒకే చెట్టుగా అల్లుకొని, ఒకే ఆజ్ఞతో నిర్మింపబడి, ఒకే సంఖ్యతో విడుదల అవుతూ ఉంటే దానిని ఇంగ్లీషువారు మోనోలిథిక్ అంటారు. మనము ఏకశిల అనవచ్చును. అందులోని భాగములను విడదీసి, ఒక్కొక్కదానిని విడిగా నిర్మించుటకును, విడిగా విడుదల చేయుటకును వీలు కల్పిస్తే అది మాడ్యులర్, అనగా విభాగములుగా ఏర్పడిన వ్యవస్థ.

ఉర్దూ, తెలుగు భాగములు గల మన పత్రికనే ఉదాహరణగా తీసికొందాము. కాగితపు కొలత, అంచుల వెడల్పు, పుటల సంఖ్య ముందుగా నిర్ణయమైతే ఈ రెండు భాగములు వేరువేరు చోట్ల, వేరువేరు చేతులలో సిద్ధము కావచ్చును. తెలుగులో ఒక అచ్చుతప్పు దిద్దుటకు ఉర్దూ పుటలను మరల కూర్చవలసిన పని లేదు. అట్లు గాక రెండు భాషల పంక్తులను ఒకే పుటపై పెనవేసి కూర్చినామనుకొందాము. అప్పుడు ఒక వాక్యము పెరిగినా పుస్తకమంతయు కదులుతుంది. ఒకరి ఆలస్యము అందరికీ ఆలస్యమవుతుంది. ఈ ఉదాహరణలో కాగితపు కొలత వంటి ముందస్తు ఒడంబడికను సాఫ్ట్‌వేరులో ఇంటర్‌ఫేసు అంటారు. విభాగములకు ప్రాణము ఈ ఒడంబడికయే. ఒడంబడిక లేని విభజన వట్టి ముక్కలు చేయుట మాత్రమే అవుతుంది.

ఎక్స్ పుట్టుక, పెంపకము

ఎక్స్ 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టినది. ఆ విద్యాసంస్థలో ప్రాజెక్టు ఎథీనా అనే పథకము క్రింద వేరువేరు కంపెనీల కంప్యూటర్లను విద్యార్థులకు అందుబాటులోనికి తెస్తున్న రోజులవి. ఏ కంపెనీ యంత్రమైనను ఒకే రీతిగా తెరపై బొమ్మలు చూపగల వ్యవస్థ అవసరమైనది. రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనేవారు దానికి రూపకల్పన చేసినారు. స్టాన్‌ఫర్డ్‌లో తయారైన డబ్ల్యు అనే వ్యవస్థ దీనికి ఆధారము. ఆంగ్ల వర్ణమాలలో డబ్ల్యు తరువాతి అక్షరము ఎక్స్ కనుక ఆ పేరు వచ్చినది. 1987 సెప్టెంబరులో పదకొండవ రూపము వెలువడినది. ఆనాడు నిర్ణయమైన మూల నియమావళి నేటికీ మారలేదు.

ఆ నియమావళిని ప్రోటోకాల్ అంటారు. తెరను, మీటల పలకను, మౌసును అదుపులో ఉంచుకొనే ప్రోగ్రాము సర్వరు. తెరపై తన కిటికీ చూపవలెనని కోరే ప్రతి ప్రోగ్రాము క్లయింటు. రెంటి మధ్య సంభాషణ ప్రోటోకాల్ ప్రకారమే సాగవలెను. ఈ దృష్టితో చూస్తే ఎక్స్ లోపల ఒక చక్కని సరిహద్దు మొదటినుండియు ఉన్నది. కాని సరిహద్దుకు ఇరుప్రక్కల ఉన్న సోర్సు కోడు మాత్రము ఒకే చెట్టులో పెరిగినది. సర్వరు, క్లయింట్లకు తోడ్పడే లైబ్రరీలు, గడియారము వంటి చిన్న ప్రోగ్రాములు, అక్షర రూపముల ఫాంట్లు, పటములు గీసే ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క డ్రైవరు, వివరణ పత్రములు అన్నియు అందులోనే ఉండేవి.

1988లో ఏర్పడిన ఎక్స్ కన్సార్టియం 1996 చివర వరకు ఈ చెట్టును పోషించినది. పిమ్మట అది ఓపెన్ గ్రూపు అనే సంస్థ చేతికి వచ్చినది. మరియొక వంక, సామాన్యులు కొనగలిగిన ఇంటెల్ తరహా కంప్యూటర్లకు ఎక్స్‌ను అమర్చే పనిని 1990ల ఆరంభమునుండి ఎక్స్‌ఫ్రీ86 అనే స్వచ్ఛంద బృందము చేపట్టినది. లినక్సు వ్యాప్తితోపాటు ఆచరణలో వారి కూర్పే అందరికీ ఆధారమైనది.

చెట్టు మహావృక్షమైనప్పుడు

ఆ సోర్సు కోడును నిర్మించుటకు "మేక్ వరల్డ్" అనే ఆజ్ఞ ఉండేది. ప్రపంచమును సృష్టింపుమని దాని అర్థము. ఆ పేరు అక్షరాల సార్థకమైనది. నాటి సామాన్యమైన కంప్యూటరుపై ఈ సృష్టి గంటల తరబడి సాగేది. ఒక డ్రైవరులో నాలుగు పంక్తులు దిద్దదలచిన క్రొత్తవాడు మొత్తము చెట్టును దించుకొనవలెను, అంతయు నిర్మించవలెను. ఈ నిర్మాణమునకు ఐమేక్ అనే ప్రత్యేక సాధనము వాడేవారు. ఎక్స్ వెలుపల దాని వాడుక బహు తక్కువ. అందుచేత ఇతర స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులలో ఆరితేరినవాడు సైతము ఇక్కడ అ ఆల నుండి మొదలుపెట్టవలసి వచ్చేది.

ఇంతకంటె పెద్ద చిక్కు విడుదల విషయములో ఉండేది. ఎక్స్‌ఫ్రీ86 వారి 4.2 కూర్పు 2002 జనవరిలో వచ్చినది, 4.3 కూర్పు 2003 ఫిబ్రవరిలో వచ్చినది. నడుమ పదమూడు నెలలు. ఈ వ్యవధిలో బజారులోనికి ఒక క్రొత్త కార్డు వచ్చి, దాని డ్రైవరు సిద్ధమైనను, తక్కిన మహావృక్షము పండే వరకు ఆ ఒక్క కాయ కోయుటకు వీలులేదు. ఒక డ్రైవరు కొరకు సర్వరు, సర్వరు కొరకు లైబ్రరీలు, లైబ్రరీల కొరకు వివరణ పత్రములు ఆగవలసి వచ్చేవి.

ఇచ్చట ఒక భేదము గుర్తించవలెను. 2000 మార్చిలో వచ్చిన ఎక్స్‌ఫ్రీ86 4.0 కూర్పులోనే డ్రైవర్లను వేరు ఫైళ్లుగా, సర్వరు నడిచే వేళ అవసరమైనవాటిని మాత్రమే ఎక్కించుకొనే ఏర్పాటు వచ్చినది. అది నడకలో విభజన. కాని ఆ డ్రైవర్ల సోర్సు కోడు ఒకే చెట్టులో ఉండి, ఒకే ఆజ్ఞతో తయారై, ఒకే తేదీన వెలువడుచున్నంత కాలము వ్రాసేవానికి స్వేచ్ఛ కలుగలేదు. ప్రోగ్రాము విభాగములుగా నడుచుట ఒకటి. మనుష్యులు విభాగములుగా పనిచేయగలుగుట మరియొకటి.

హక్కు ఉండి చాలనప్పుడు

ఎక్స్ సోర్సు కోడును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును అని దాని లైసెన్సు చెప్పుచున్నది. ఈ హక్కుకు రెండుసార్లు ప్రమాదము వాటిల్లినది. 1998లో ఓపెన్ గ్రూపు 6.4 కూర్పును స్వేచ్ఛను పరిమితము చేసే షరతులతో విడుదల చేసినది. ఎక్స్‌ఫ్రీ86 వారు దానిని స్వీకరించుటకు నిరాకరించినారు. అదే సంవత్సరము సెప్టెంబరులో పాత షరతులు తిరిగి వచ్చినవి. రెండవసారి 2004లో, ఎక్స్‌ఫ్రీ86 వారే తమ 4.4 కూర్పునకు లైసెన్సు మార్చినారు. ఆ క్రొత్త షరతు జి.పి.ఎల్. లైసెన్సుతో పొసగదని ఆక్షేపణలు వచ్చి, డెబియన్, రెడ్‌హ్యాట్ మొదలైన ముఖ్య లినక్సు పంపిణీదారులు ఆ కూర్పును వదలివేసినారు.

అంతకు ముందే ఆ బృందములో అంతఃకలహము రేగినది. నిర్ణయములు కొద్దిమంది చేతిలోనే ఉన్నవనే అసంతృప్తి వలన 2003లో కీత్ ప్యాకర్డ్ అనే ప్రముఖ ప్రోగ్రామరు ముఖ్య బృందము నుండి తొలగింపబడినారు. 2004 జనవరిలో ఎక్స్.ఆర్గ్ ఫౌండేషన్ ఏర్పడినది. లైసెన్సు మారక ముందటి కోడును ఆధారముగా తీసికొని ఆ సంస్థ ఏప్రిల్‌లో 6.7 కూర్పును, సెప్టెంబరులో 6.8 కూర్పును వెలువరించినది.

హక్కు నిలిచినది. కాని హక్కు ఉన్నంత మాత్రాన ప్రవేశము దొరకదు. గ్రంథాలయపు తలుపులు తెరిచి ఉంచి, పుస్తకములన్నింటిని ఒకే గొలుసుతో కట్టివేస్తే పాఠకునకు ఉపయోగమేమి? సంస్థ మారినను చెట్టు మారలేదు గనుక క్రొత్తవారు లోపలికి వచ్చే దారి ఇరుకుగానే ఉన్నది. విభజన యొక్క అసలు ప్రయోజనము ఇచ్చట ఉన్నదని మా అభిప్రాయము. లైసెన్సు మార్చే అధికారమిచ్చినది. విభజన మార్చగల శక్తినిచ్చినది.

చేసిన పని, చేసిన తీరు

నడుచుచున్న ఇంటిని కూలగొట్టకుండ గోడలు మార్చుట ఎట్లు? ఎక్స్.ఆర్గ్ వారు అనుసరించిన మార్గము మెచ్చదగినది. క్రొత్త అమరికను కోడు నకలు తీసి తయారుచేయలేదు. నకలు తీసి ఉంటే ఒక కోడు రెండుగా చీలి, ఒకచోట దిద్దిన తప్పు మరియొకచోట మిగిలిపోయేది. పాత చెట్టులోని ప్రతి ఫైలునకును క్రొత్త అమరికలోని తగిన స్థానము నుండి ఒక లింకును, అనగా "అసలు ఫైలు అక్కడ ఉన్నది" అని తెలిపే గుర్తును, ఒక చిన్న ప్రోగ్రాము చేత ఏర్పరచినారు. అసలు ఫైలు ఒకటే, దారులు రెండు. పాత దారిలో ఐమేక్‌తో నిర్మిస్తే 6.9 వచ్చును. క్రొత్త దారిలో ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అనే సాధనములతో నిర్మిస్తే 7.0 వచ్చును. ఈ సాధనములు అప్పటికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వ్రాసేవారందరికీ అలవాటైనవి.

క్రొత్త అమరికలో ప్రోటోకాల్ నిర్వచనములు, లైబ్రరీలు, సర్వరు, డ్రైవర్లు, చిన్న ప్రోగ్రాములు, ఫాంట్లు, వివరణ పత్రములు వేరువేరు శాఖలైనవి. ప్రతి శాఖలోను ఒక్కొక్క అంశము స్వతంత్ర విభాగమై, తన సొంత సంఖ్యతో విడుదల కాగలిగినది. వీనికి ఒక వరుస ఉన్నది: ముందు ప్రోటోకాల్ నిర్వచనములు, వానిపై లైబ్రరీలు, వానిపై సర్వరు, సర్వరుపై డ్రైవర్లు. ఒక విభాగమునకు ఏ యితర విభాగములు, కనీసము ఏ సంఖ్య గలవి కావలెనో ముందుగా ప్రకటించవలెను. లోగడ ఎవరికీ కనబడకుండ దాగియున్న పరాధీనతలు ఈ విధముగా కాగితముపైకి ఎక్కినవి.

ఈ పద్ధతిలో ఒక వివేకము కలదు. స్వరూపమును మార్చేటప్పుడు స్వభావమును మార్చలేదు. క్రొత్త అమరికలో ఏదైనా పని చెడితే, పాత అమరికతో పోల్చి, దోషము కోడులో ఉన్నదో కూర్పులో ఉన్నదో తేల్చుకొనవచ్చును. జాగ్రత్తపరులకు 6.9, సాహసికులకు 7.0 ఒకే రోజున లభించినవి. 2006 మే నెలలో వచ్చిన 7.1 కూర్పు నుండి ఏకశిలా రూపము నిలిచిపోయినది.

ఫలితము

2007 ఏప్రిల్‌లో సర్వరు ఒక్కటే తన 1.3 సంఖ్యతో విడిగా విడుదలైనది. ర్యాండర్ 1.2 అనే క్రొత్త సౌకర్యము అందులో ఉన్నది. ల్యాప్‌టాపునకు ప్రొజెక్టరు తగిలించినప్పుడు, సర్వరును ఆపి మరల ప్రారంభించే అవసరము లేకుండ, రెండవ తెరను వెంటనే గుర్తించి అమర్చుకొనే వీలు దీని వలన కలిగినది. తరగతి గదిలో ప్రొజెక్టరు వాడే ప్రతి అధ్యాపకునకు దీని విలువ తెలుసును. ఎక్స్ మొత్తపు తరువాతి కూర్పు, 7.3, సెప్టెంబరులో గాని రాలేదు. పాత పద్ధతియే ఉంటే ఈ సౌకర్యము అంతవరకు ఆగి ఉండేది.

విడి భాగముల మహిమకు మన భాషలకు సంబంధించిన నిదర్శనము కూడ ఉన్నది. తొలినాటి ఎక్స్‌లో అక్షరములు గీసే పని సర్వరుదే. ఒక సంకేతమునకు ఒక ఆకారము అనే లెక్కతో అది నడిచేది. ఇంగ్లీషుకు అది సరిపోయినది. తెలుగులో "స్త్రీ" అనేది కంటికి ఒక్క అక్షరము. యునీకోడులో అది ఆరు సంకేతములు. ఉర్దూలో ఒకే హర్ఫ్ మాట మొదట ఒక రూపము, నడుమ ఒక రూపము, చివర ఒక రూపము ధరిస్తుంది. నస్తాలీఖ్ లిపిలో పంక్తి ఏటవాలుగా క్రిందికి దిగుతుంది. 2000 ప్రాంతమున వచ్చిన రెండర్ అనే విస్తరణ వలన అక్షరముల బొమ్మలను సిద్ధము చేసే బాధ్యత సర్వరును విడిచి లైబ్రరీలకు చేరినది. సంకేతములను సరియైన ఆకారములుగా కూర్చే పని హర్ఫ్‌బజ్ అనే ప్రత్యేక లైబ్రరీ చేస్తున్నది. ఆ పేరు పారసీకమునుండి వచ్చినది: హర్ఫ్ అనగా అక్షరము, బాజ్ అనగా తెరచినది. అది ఏ ఒక్క ప్రదర్శన వ్యవస్థలోను అంతర్భాగము కాకపోవుట చేతనే ఆండ్రాయిడ్ ఫోనులోను, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోను, లిబ్రెఆఫీసులోను కూడ వాడుకకు వచ్చినది. ఒకచోట దిద్దిన ఒత్తు ఇన్ని చోట్ల సరిగా కనబడుచున్నది.

చెల్లించిన మూల్యము

లాభములనే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఏకశిలలో ఒక సుఖము ఉండేది: సర్వరులోని ఒక ఒడంబడికను మార్చినవాడు అదే చెట్టులోని డ్రైవర్లన్నింటిని అప్పుడే సరిదిద్దేవాడు. విభజన తరువాత సర్వరు ఒకచోట, డ్రైవర్లు పలుచోట్ల ఉన్నవి. సర్వరు మారితే పాత డ్రైవరు దానితో కలియదు. ప్రతి డ్రైవరును మరల నిర్మించవలెను. ఏ సంఖ్య గల సర్వరుతో ఏ సంఖ్య గల డ్రైవరు పొసగునో చూచుకొనే భారము పంపిణీదారులపై పడినది. పోషకుడు లేని పాత డ్రైవర్లు అనాథలుగా బయటపడినవి. ఇది విభజన తెచ్చిన లోపమనుట కంటె, ఏకశిలలో దాగియున్న లోపమును విభజన వెలికి తీసినదనుట సమంజసము.

కొన్ని సరిహద్దులు తప్పుగా గీయబడినవని కాలక్రమేణ తేలినది. ప్రోటోకాల్ నిర్వచనములను అనేక చిన్న విభాగములుగా చీల్చినారు; అవి అరుదుగా మారేవి, మారినప్పుడు కలిసి మారేవి. అందుచేత 2018లో వానినన్నింటిని మరల ఒక్క విభాగముగా కూర్చినారు. మోడ్‌సెట్టింగ్ అనే డ్రైవరు సర్వరుతో సన్నిహితముగా పెనవేసికొన్నది కనుక 2015లో వచ్చిన 1.17 కూర్పులో దానిని సర్వరులోనే కలిపివేసినారు.

దీనిని పరాజయముగా భావింపరాదు. 1972లోనే డేవిడ్ పార్నస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రసిద్ధ వ్యాసములో ఈ విషయము చర్చించినారు. పనుల వరుసను బట్టి ప్రోగ్రామును ముక్కలు చేయరాదనియు, ముందుముందు మారగల నిర్ణయములను గుర్తించి ఒక్కొక్కదానిని ఒక్కొక్క విభాగములో దాచవలెననియు వారి వాదము. కలిసి మారేవి కలిసి ఉండవలెను; విడిగా మారేవి విడిగా ఉండవలెను. ఏది ఎట్లు మారుతుందో అనుభవము చెప్పవలసినదే. సరిహద్దు తప్పని తెలిసినప్పుడు దానిని తక్కువ ఖర్చుతో చెరిపివేయగలుగుట కూడ విభజన యొక్క గుణమే.

నేడు అనేక లినక్సు పంపిణీలలో ఎక్స్ స్థానమును వేలాండ్ అనే వ్యవస్థ ఆక్రమించుచున్నది. దానిని 2008లో ఆరంభించిన క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ కూడ ఎక్స్ పనివారిలో ఒకరే. అయినను ఎక్స్ కొరకు వ్రాసిన పాత ప్రోగ్రాములు వేలాండ్‌లో నడుచుచున్నవి. అందుకు తోడ్పడే ఎక్స్‌వేలాండ్ అనేది ఎక్స్ సర్వరులో ఒక భాగము. 2021 నుండి అది విడిగా విడుదల అవుతున్నది. ఇల్లు మారినను పనికివచ్చే దూలము క్రొత్త ఇంటికి తరలినది. దూలము విడదీయుటకు వీలుగా ఉండుట చేతనే అది సాధ్యమైనది.

మనము గ్రహింపదగినది

మన కళాశాలలలో విద్యార్థులు ప్రతి సంవత్సరము ప్రాజెక్టులు చేస్తారు. తరచుగా ఒక్కరే కూర్చుండి ఒకే పెద్ద ఫైలులో అంతయు వ్రాస్తారు. పరీక్ష ముగిసిన పిమ్మట దానిని విప్పి చూచే వారుండరు. మరుసటి సంవత్సరపు విద్యార్థి మరల మొదటినుండి ఆరంభిస్తాడు. తెలివి లోపించి ఇట్లు జరుగుటలేదు. అందుకొనుటకు వీలైన పిడి లేక జరుగుచున్నది. ప్రాజెక్టును రెండు మూడు విభాగములుగా చేసి, వాని నడుమ ఒడంబడిక ఏమిటో ఒక్క పుటలో వ్రాసి పెట్టితే, తరువాత వచ్చేవారు ఒక విభాగమును మార్చి తక్కిన వానిని యథాతథముగా వాడుకొనగలరు. మార్కులు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క పుటకు కూడ విలువ కట్టవలెనని కళాశాల కమిటీ పెద్దలకు సవినయముగా మనవి చేస్తున్నాము.

విద్యార్థులకు మరియొక మాట. నేడు ఎక్స్‌లో గాని, హర్ఫ్‌బజ్‌లో గాని ఒక విభాగమును దించుకొని, నిర్మించి, చదువుటకు సామాన్యమైన కంప్యూటరు, కొంత ఓపిక చాలును. తెలుగు ఒత్తు ఎక్కడ తప్పుగా పడుచున్నదో, ఉర్దూ నుక్తా ఎక్కడ జారిపోవుచున్నదో మన కంటికి తెలిసినట్లు దూరదేశములలోని ప్రోగ్రామరు కంటికి తెలియదు. ప్రపంచమంతటిని సృష్టింపవలసిన పని ఇప్పుడు లేదు. ఆ ఒక్క ఒత్తును, ఆ ఒక్క నుక్తాను దిద్దితే చాలును.